గోదావరి డెల్టా శక్తి వనరులు: ఉష్ణగతిక పరిచయం

గోదావరి డెల్టాకు శక్తినిచ్చే వనరులన్నీ ఏదో ఒక తేడా మీద నడుస్తాయి. సీలేరు కొండల మీది నీటికీ లోయలోని నీటికీ ఎత్తులో తేడా ఉంటుంది. గ్యాసు బావి అడుగున ఉన్న ఒత్తిడికీ పైన వాతావరణ పీడనానికీ తేడా ఉంటుంది. రైసుమిల్లు బాయిలరులో మండే ఊక సెగకూ బయటి గాలికీ ఉష్ణోగ్రతలో తేడా ఉంటుంది. తేడా ఉన్నంతసేపే పని జరుగుతుంది. అది చెరిగిపోయాక శక్తి అంతా అక్కడే ఉన్నా దానితో చేయించుకోగల పని ఉండదు.

ఉష్ణగతిక శాస్త్రపు మొదటి సూత్రం ప్రకారం శక్తి పుట్టదు, నశించదు, రూపం మాత్రమే మారుతుంది. రెండో సూత్రం ఆ మార్పు ఎటువైపు సాగుతుందో చెబుతుంది. వేడి తనంతట తాను వెచ్చని చోటు నుంచి చల్లని చోటుకే పోతుంది, ఎంట్రోపీ అనే చెదురుదల మొత్తం మీద పెరుగుతూనే ఉంటుంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 10 లక్షల క్యూసెక్కుల వరద పోతున్న రోజును తీసుకోవచ్చు. అంటే సెకనుకు సుమారు 28,300 ఘనపు మీటర్ల నీరు. ఆ ప్రవాహాన్ని ఒక్క డిగ్రీ చల్లబరిచేంత వేడిని లెక్కిస్తే 1,18,000 మెగావాట్లు వస్తుంది. మొదటి సూత్రానికి అందులో అభ్యంతరం లేదు. కాని నీరూ గాలీ దాదాపు ఒకే ఉష్ణోగ్రతలో ఉన్నప్పుడు ఆ వేడితో చిన్న బల్బును కూడా వెలిగించలేరు. కాబట్టి ఒక వనరు విలువను అందులో ఎంత శక్తి ఉందన్న దానితో కాక, పరిసరాలతో పోలిస్తే దాని నుంచి ఎంత పని రాబట్టవచ్చన్న దానితో కొలవాలి. దీన్నే లభ్యశక్తి అంటారు.

పునరుత్పాదక వనరులకూ తరిగిపోయే వనరులకూ మధ్య గీత కూడా ఇక్కడే పడుతుంది. వాడిన శక్తి మాయం కావడం వల్ల ఏ వనరూ తరిగిపోదు. వాడిన తేడాను ప్రకృతి మళ్లీ ఎంతకాలానికి నిలబెడుతుందన్నదే ప్రశ్న. సీలేరు జలాశయాన్ని ఒక వానాకాలం నింపుతుంది. ఎకరం వరిచేను నాలుగు నెలల్లో తిరిగి పండుతుంది. సింగరేణి బొగ్గు తయారు కావడానికి పాతిక కోట్ల ఏళ్లకు పైగా పట్టింది. బొగ్గు కూడా ప్రకృతిలో తిరిగి తయారవుతూనే ఉంటుంది. తవ్వే వేగం ముందు ఆ వేగం లెక్కలోకి రాదు, అంతే.

మూడు మూలాలు

భూమ్మీద నిరంతరం ప్రవహించే శక్తికి మూలాలు మూడే. మొదటిది సూర్యుడు. భూమికి అందే సౌరశక్తి సుమారు 1,74,000 టెరావాట్లు. ఒక టెరావాట్ అంటే లక్ష కోట్ల వాట్లు. రెండోది భూగర్భపు వేడి. భూమి పుట్టినప్పటి వేడి కొంత, యురేనియం, థోరియం, పొటాషియం వంటి మూలకాల రేడియోధార్మికత వల్ల పుట్టే వేడి కొంత కలిసి 47 టెరావాట్ల దాకా నేల మీదికి చేరుతుంది. మూడోది చంద్ర సూర్యుల ఆకర్షణ వల్ల వచ్చే పోటుపాట్లు, ఇవి 3.7 టెరావాట్లు. మానవజాతి అంతా కలిసి వాడేది 20 టెరావాట్లకు అటూ ఇటూ. అణు ఇంధనం ఈ మూడింటిలోకీ రాదు. సౌరకుటుంబం పుట్టకముందే నక్షత్రాల్లో తయారైన బరువైన మూలకాల్లో అది దాగి ఉంది. నరసాపురం, కాకినాడ తీరాల ఇసుకలోని మోనజైటులో ఉన్న థోరియం ఆ కోవలోదే.

సూర్యుడి నుంచి ఎంత శక్తి వస్తుందో, దీర్ఘకాలపు సగటున దాదాపు అంతే శక్తిని భూమి తిరిగి అంతరిక్షంలోకి పంపేస్తుంది. మిగిలేదేమీ లేకపోతే ఈ వాన, ఈ పైరు, ఈ గాలి దేనితో నడుస్తున్నాయన్న సందేహం న్యాయమైనదే. సమాధానం శక్తి నాణ్యతలో ఉంది. సూర్యకాంతి సుమారు 5,800 కెల్విన్ ఉష్ణోగ్రత గల ఉపరితలం నుంచి వస్తుంది. భూమి తిరిగి పంపే పరారుణ కిరణాల ఉష్ణోగ్రత సగటున 255 కెల్విన్. ఒక్కో కాంతి కణం లోపలికి వస్తే దాని బదులు ఇరవైకి పైగా బలహీనమైన కణాలు బయటికి పోతాయి. పరిమాణం అంతే, చెదురుదల మాత్రం ఇరవై రెట్లకు పైగా పెరుగుతుంది. భూమ్మీద జీవం దాదాపు అంతా ఆ రెంటి మధ్య తేడాతోనే బతుకుతోంది.

నీరు, ఎత్తు

బంగాళాఖాతంలో ఒక కిలో నీటిని ఆవిరి చేయడానికి ఎండ సుమారు 24 లక్షల జౌళ్ల వేడిని ఖర్చుపెడుతుంది. ఆ ఆవిరి తూర్పు కనుమల మీద 400 మీటర్ల ఎత్తున వానగా పడితే, ఎత్తు రూపంలో మిగిలేది సుమారు 3,900 జౌళ్లు. అంటే ఖర్చులో ఆరువందల్లో ఒక వంతు. మిగిలిన వేడి మేఘం కట్టేటప్పుడే గుప్తోష్ణంగా గాలిలో కలిసిపోతుంది. ఇంత తక్కువ దక్షతతో నడిచే యంత్రం లాభసాటిగా ఉండటానికి కారణం ఒక్కటే, దాన్ని నడిపే ఎండ ఖరీదు లేనిది, అవసరానికి ఎంతో మించినది.

మిగిలిన ఆ కొద్ది ఎత్తు మాత్రం చాలా నాణ్యమైన శక్తి. ఎత్తు నుంచి పడే నీటికి వేడి యంత్రాలకుండే పరిమితి లేదు. అందుకే మంచి జలవిద్యుత్ టర్బైను 90 శాతం శక్తిని విద్యుత్తుగా మార్చగలదు. మాచ్‌ఖండ్ నది మీది జలవిద్యుత్ కేంద్రం 1955లో మొదలైంది. అదే నది సీలేరు పేరుతో దిగువకు వచ్చి, ఎగువ సీలేరులో 240 మెగావాట్ల కేంద్రాన్నీ, దిగువ సీలేరులో 460 మెగావాట్ల కేంద్రాన్నీ నడిపి, శబరిలో కలిసి, కూనవరం దగ్గర గోదావరిని చేరుతుంది. టర్బైన్లు తిప్పేసిన ఆ నీళ్లే వేసవిలో దాళ్వా అనే రెండో పంటను కాపాడతాయి. ఎత్తు ఖర్చయింది కాని నీరు ఖర్చు కాలేదు. గోదావరి ఎండిపోయిన ఏళ్లలో సీలేరు నీటి కోసం రైతులు ఎదురుచూడటం డెల్టాలో అందరికీ తెలిసిన సంగతే.

డెల్టాకు వచ్చేసరికి నదిలో నీరు అపారం, ఎత్తు శూన్యం. రాజమహేంద్రవరం దాటాక నదికి సముద్రమట్టంతో ఉన్న తేడా కొద్ది మీటర్లే. ఆ కొద్ది మీటర్లను ఇంజనీరు సర్ ఆర్థర్ కాటన్ విద్యుత్కేంద్రాలు లేని కాలంలోనే పూర్తిగా వాడుకున్నాడు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నీటిమట్టాన్ని కాస్త లేపి, కాలువల వెంట వాలు మీద పారించింది. మోటారు అక్కర్లేదు. దీని విలువను లెక్కకట్టవచ్చు. ఒక ఎకరం దాళ్వాకు 1.2 మీటర్ల లోతు నీరు కావాలనుకుని, దాన్ని 10 మీటర్ల ఎత్తు తోడాలనుకుంటే, సగం దక్షత గల పంపుకు 260 యూనిట్ల పైన కరెంటు పడుతుంది. 10 లక్షల ఎకరాలకు ఒక్క పంటకే 26 కోట్ల యూనిట్లు. ఆనకట్ట ఏటా చేస్తున్న ఈ పని ఏ విద్యుత్ లెక్కల్లోనూ కనబడదు.

పోలవరం దగ్గర నిర్మిస్తున్న కేంద్రం 960 మెగావాట్లది, ఒక్కోటి 80 మెగావాట్ల చొప్పున 12 యంత్రాలు. జలాశయం పూర్తి నిల్వ 194.6 టీఎంసీలు. ఆ నీరంతా సగటున 30 మీటర్ల ఎత్తు నుంచి దిగిందనుకుంటే 45 కోట్ల యూనిట్లకు సమానమైన శక్తి. తీరం అవతల లోతు సముద్రంలో, కృష్ణా-గోదావరి (కేజీ) బేసిన్‌లోని కేజీ-డీ6 గ్యాసు క్షేత్రం 2010లో రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్లకు పైగా గ్యాసు ఇచ్చింది. ఒక ఘనపు మీటరు గ్యాసులో దాదాపు 10 యూనిట్ల వేడి, అందులో సగం విద్యుత్తు. అంటే నిండు పోలవరం ఒకసారి ఖాళీ అయితే వచ్చే శక్తి ఆ గ్యాసు క్షేత్రానికి ఒకటిన్నర రోజు పని. ఇంధనం ఎంత చిక్కనిదో, నీటి ఎత్తు ఎంత పలచనిదో ఇంతకన్నా స్పష్టంగా చెప్పే లెక్క లేదు. అయితే జలాశయం మళ్లీ మళ్లీ నిండుతుంది. కేజీ-డీ6లోని డీ1, డీ3 క్షేత్రాలు 2020 ఫిబ్రవరిలో మూతపడ్డాయి.

ఇదే నీటి ఆవిరి యంత్రం కొన్నిసార్లు ఎవరి అదుపులోనూ లేకుండా పూర్తి జోరుతో పనిచేస్తుంది. తుపాను ఒక ఉష్ణయంత్రం. 28 డిగ్రీల సముద్రం దాని పొయ్యి. పైన సుమారు మైనస్ 70 డిగ్రీల గాలిపొర దాని చల్లని కొస. ఈ రెంటి మధ్య ఆదర్శ దక్షత మూడో వంతు. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుపాను కోనసీమలో వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది. లక్షల కొబ్బరిచెట్లను నేలకూల్చింది. తీరం దాటగానే తుపాను నీరసపడటానికి కారణం కూడా ఉష్ణగతికమే, కింద పొయ్యి ఆరిపోతుంది.

పైరు, ఊక

ఎకరానికి 75 కిలోల బస్తాలు 30 పండే చేనులో ధాన్యం 22.5 క్వింటాళ్లు, గడ్డి కూడా దాదాపు అంతే. రెంటిలో కలిపి సుమారు 7,000 కోట్ల జౌళ్ల శక్తి. పంట నిలిచిన 120 రోజుల్లో ఆ ఎకరం మీద పడిన ఎండ దీనికి 120 రెట్లకు పైనే. పైరు పట్టుకున్నది ఒక శాతం కన్నా తక్కువ. అదే నేల మీద సోలార్ పలక 20 శాతం పడుతుంది. ఈ పోలికను పట్టుకుని పొలాల్లో పలకలు పరచమనేవారు ఒక విషయం మరిచిపోతారు. పలక ఇచ్చేది కరెంటు ఒక్కటే. పైరు తన విత్తనాన్ని తాను చేసుకుంటుంది, తన శక్తిని తానే నిల్వ చేసుకుంటుంది, ఆకలి తీరుస్తుంది.

ధాన్యం బరువులో ఐదో వంతు ఊక. కిలోకు 130 నుంచి 140 లక్షల జౌళ్ల వేడి, మంచి బొగ్గులో సగానికి కాస్త ఎక్కువ. మండాక ఐదో వంతు బూడిదే మిగులుతుంది, అందులో ఎక్కువ భాగం సిలికా. తాడేపల్లిగూడెం, మండపేట వంటి చోట్ల ఉప్పుడు బియ్యం మిల్లులకు ఊకే ఇంధనం. ఇక్కడ ఒక వృథా ఉంది, అది కంటికి కనబడదు. బాయిలరులో ఊక సెగ 800 డిగ్రీలు దాటుతుంది. ధాన్యం ఉడకడానికి కావలసింది 100 డిగ్రీల ఆవిరి. వేడి పోలేదు కాని ఆ రెండు ఉష్ణోగ్రతల మధ్య తేడా ఏ పనీ చేయకుండా పోయింది. ఆవిరిని ఎక్కువ పీడనంలో తయారు చేసి, ముందు టర్బైను తిప్పి, దిగివచ్చిన ఆవిరితో ధాన్యం ఉడికిస్తే ఒకే ఊక రెండు పనులు చేస్తుంది. పంచదార మిల్లులు చెరకు పిప్పితో, రాజమహేంద్రవరం కాగితం మిల్లు వంటి కర్మాగారాలు కలప గుజ్జు తీయగా మిగిలిన నల్ల ద్రవంతో చేసేది ఇదే. ఇంట్లో గ్యాసు పొయ్యి మీద అన్నం వండటంలోనూ ఈ వృథా ఉంది. పొయ్యి దక్షత 65 శాతమని చెప్పినా, లభ్యశక్తి లెక్కలో అది 12 శాతమే.

పునరుత్పాదకమని పిలిచే వరిలో కూడా తరిగిపోయే ఇంధనం కలిసి ఉంది. యూరియా తయారీకి ముడిసరుకూ ఇంధనమూ సహజవాయువే. టన్నుకు సుమారు 2,500 కోట్ల జౌళ్లు కావాలి. ఎకరానికి రెండు బస్తాల యూరియా వేస్తే 60 ఘనపు మీటర్ల గ్యాసు చేలో చల్లినట్టు. కాకినాడలో ఎరువుల కర్మాగారం వెలిసింది గ్యాసు దగ్గరలో ఉండబట్టే.

నేల కింద దాచిన ఎండ

గోదావరి లోయ ఎగువన గోండ్వానా శిలల్లో బొగ్గు ఉంది. 1871లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ ఇల్లందు దగ్గర దాన్ని గుర్తించాడు. 1889 నుంచి తవ్వకం సాగుతోంది. దిగువన, సముద్రపు అవక్షేపాల కింద ఉన్నది గ్యాసూ చమురూ. రెంటికీ మూలం ఎండే. పూర్వకాలపు మొక్కలు, సముద్ర జీవులు పట్టుకున్న ఎండలో అతి స్వల్పభాగం కుళ్లిపోకుండా బురదలో చిక్కుకుపోయింది. తర్వాత భూగర్భపు వేడి దాన్ని వండింది. 60 నుంచి 120 డిగ్రీల మధ్య చమురు, ఇంకా వేడెక్కితే గ్యాసు. ఈ వంట కృష్ణా-గోదావరి బేసిన్‌లో చాలా లోతున, కొన్ని బావుల్లో 200 డిగ్రీల దగ్గర జరిగింది. డీ6 వంటి లోతు సముద్రపు క్షేత్రాల్లోని మీథేను మాత్రం చాలావరకు సూక్ష్మజీవులు తయారు చేసినది.

బావిలో గ్యాసుకు రెండు రకాల తేడాలుంటాయి. ఒకటి రసాయనికం, ఆక్సిజనుతో కలిసి మండగలగడం. రెండోది ఒత్తిడి. దాన్ని పైకి తెచ్చేది రెండోదే. పైపు తీస్తే తనంతట తాను వచ్చే గ్యాసు కాలం గడిచేకొద్దీ నీరసించడానికి, డీ6లో ఉత్పత్తి కొద్ది ఏళ్లలోనే పడిపోవడానికి ఒత్తిడి తగ్గడం, బావుల్లోకి నీరూ ఇసుకా చేరడం ముఖ్య కారణాలు. ఒత్తిడి అదుపు తప్పితే ఏమవుతుందో పాశర్లపూడి చూసింది. 1995 జనవరి 8న అక్కడి బావిలో మొదలైన బ్లోఅవుట్ మంట 65 రోజులు ఆరలేదు. ప్రమాదం పైపులైన్లలోనూ ఉంది. పైపులో గ్యాసు చల్లబడితే అందులోని నీటి ఆవిరి ద్రవంగా దిగి లోహాన్ని తింటుంది. 2014 జూన్ 27న నగరం గ్రామంలో అలా తుప్పుపట్టిన పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. గ్యాసును ఎండబెట్టి పంపాలన్న నియమం కాగితం మీది లాంఛనం కాదు, జనం ప్రాణాలకు సంబంధించినది.

గ్యాసును మండించే కేంద్రాలు విజ్జేశ్వరం, జేగురుపాడు, వేమగిరి, సామర్లకోట, కాకినాడలలో వెలిశాయి. జేగురుపాడు దేశంలో మొదటి ప్రైవేటు విద్యుత్కేంద్రాల్లో ఒకటి. వేడి యంత్రం ఎంత మంచిదైనా శాస్త్రవేత్త కార్నో చూపిన హద్దును దాటలేదు. వేడి కొస, చల్లని కొసల కెల్విన్ ఉష్ణోగ్రతలే ఆ హద్దును నిర్ణయిస్తాయి. బొగ్గు కేంద్రంలో 540 డిగ్రీల ఆవిరి, 40 డిగ్రీల కండెన్సరు మధ్య హద్దు 61 శాతం, చేతికి వచ్చేది 35 పైచిలుకు. గ్యాసు టర్బైనులో వేడి కొస 1,200 డిగ్రీల పరిధిలో ఉంటుంది. దాన్నుంచి బయటపడే పొగతో మళ్లీ ఆవిరి కాచి రెండో టర్బైను తిప్పుతారు కాబట్టి దక్షత 50 శాతం దాటగలదు. డెల్టా ఎండలు దీనికి ఒక లోటు. 15 డిగ్రీల గాలికి రాసిన సామర్థ్యం 40 డిగ్రీల రోజున పది శాతానికి పైగా పడిపోతుంది, వేడిగాలి పలచన కాబట్టి. కరెంటు ఎక్కువ కావలసినదీ ఆ రోజుల్లోనే. గ్యాసు కొరతతో ఈ కేంద్రాల్లో చాలావాటి యంత్రాలు ఏళ్ల తరబడి ఖాళీగా ఉండిపోవడం ఇంతకన్నా పెద్ద నష్టం.

మండించాక మిగిలే కార్బన్ డయాక్సైడు కూడా ఉష్ణగతిక ఖాతాలోదే. గాలిలో చెదిరిన దాన్ని తిరిగి వేరుచేయడానికి ఒక్కో మోలుకు కనీసం 20 కిలోజౌళ్ల పని తప్పదు, వాస్తవంలో దానికి ఎన్నో రెట్లు. కలపడం ఉచితం, విడదీయడం ఖరీదు.

కాకినాడకు ఎదురుగా లోతు సముద్రపు అడుగున మరో రూపంలో మీథేను ఉంది. 2006లో జాయిడెస్ రిజల్యూషన్ నౌకతో సాగిన జాతీయ గ్యాస్ హైడ్రేట్ యాత్ర ఒకచోట 128 మీటర్ల మందపు హైడ్రేటు పొరను కనుగొంది. చల్లదనం, నూరు రెట్ల వాతావరణ పీడనం కలిస్తే నీటి అణువులు మీథేను చుట్టూ మంచు పంజరం కడతాయి. ఘనపు మీటరు హైడ్రేటులో 160కి పైగా ఘనపు మీటర్ల గ్యాసు ఇమిడి ఉంటుంది. దాన్ని విడిపించడానికి మోలుకు 54 కిలోజౌళ్ల వేడి ఇవ్వాలి. మండితే వచ్చేది 890. లెక్క లాభమే చూపుతున్నా, మెత్తని బంకమట్టి జారకుండా, గ్యాసు చేజారకుండా తీయడం వాణిజ్య స్థాయిలో ఇంకా సాధ్యపడలేదు.

చిన్న తేడాలు

భూగర్భ ఉష్ణాన్ని నేరుగా వాడే ప్రయత్నం లోయ ఎగువన మణుగూరు దగ్గర పగిడేరులో జరిగింది. బొగ్గు కోసం వేసిన బోరులో పైకి ఉబికిన వేడినీటితో 20 కిలోవాట్ల చిన్న కేంద్రం నడిపారు. తక్కువ వేడికే మరిగే సేంద్రియ ద్రవం అందులో పనిచేస్తుంది. నీరు 70 డిగ్రీలు, గాలి 30 డిగ్రీలు అనుకుంటే కార్నో హద్దు 12 శాతం లోపే. బంగాళాఖాతం పైపొరకూ వెయ్యి మీటర్ల లోతుకూ 22 డిగ్రీల తేడా ఉంది, అక్కడ హద్దు 7 శాతం. నీటిని తోడటానికే అందులో పెద్ద భాగం పోతుంది. కోరంగి మడ అడవుల్లో పోటుపాట్ల తేడా మీటరున్నర ప్రాంతం, విద్యుత్తుకు చాలదు.

సోలార్ పలకకు హద్దు వేరు, బాధ మాత్రం అదే. 25 డిగ్రీల మీద ఒక్కో డిగ్రీకి 0.4 శాతం చొప్పున దాని దిగుబడి తగ్గుతుంది. మే నెల ఎండలో 60 డిగ్రీలకు కాలిన పలక 14 శాతం పోగొట్టుకుంటుంది. భీమవరం దగ్గర గొల్లవానితిప్ప వద్ద లోసరి కాలువ మీద 1 మెగావాట్ పలకలు అమర్చడంలో నేల ఆదాతో పాటు నీటి చల్లదనం లాభం కూడా ఉంది.

ఎండ సాయంత్రానికి పోతుంది. రొయ్యల చెరువుల్లో నీటికి గాలి అందించే ఏరియేటర్లు తిరగాల్సింది రాత్రే, రొయ్యకు ఆక్సిజను తగ్గేది తెల్లవారుజామునే. నిల్వ తప్పనిసరి. నీటిని విద్యుత్తుతో విడగొట్టి హైడ్రోజను చేస్తే కిలోకు కనీసం 39 యూనిట్లు, వాస్తవంలో 50 దాటుతాయి. ఆ హైడ్రోజనుతో ఏటా 10 లక్షల టన్నుల హరిత అమ్మోనియా చేసే కర్మాగారాన్ని కాకినాడలో కట్టాలని ఏఎం గ్రీన్ సంస్థ 2024లో నిర్ణయించింది. అమ్మోనియాను ఎరువుగా వాడితే పెట్టిన శక్తికి విలువ దక్కుతుంది. మళ్లీ మండించి కరెంటు చేస్తే పెట్టినదాంట్లో సగం కూడా తిరిగి రాదు. రాత్రి అవసరానికి కొండ మీది నీరే మేలు. ఎగువ సీలేరులో 1,350 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ పథకం తలపెట్టారు. పగటి సౌర విద్యుత్తుతో కింది నీటిని పైకి తోడి, రాత్రి వదులుతారు. ఇలాంటి పథకాల్లో నాలుగు యూనిట్లు పెడితే మూడు తిరిగి వస్తాయి. నాలుగోది సీలేరు నీటినీ గాలినీ కంటికి కనబడనంత వెచ్చబరిచి అక్కడే ఉండిపోతుంది.